పసిపిల్లలున్న ఇంట్లో క్రిస్మస్

డిసెంబరు నెల వచ్చిందంటే మన సంఘాల్లో తీరిక అనే మాటే వినిపించదు. మొదటి వారంలోనే సెమీ క్రిస్మస్. ఆ తర్వాత స్త్రీల సమాజం వారి క్రిస్మస్, యౌవనుల క్రిస్మస్, సండే స్కూల్ క్రిస్మస్, పట్టణంలోని సంఘాలన్నీ కలిసి జరుపుకునే ఐక్య క్రిస్మస్, ఆఫీసులో ఒకటి, కాలనీలో ఒకటి. మధ్యలో నాలుగైదు రాత్రులు క్యారల్ రౌండ్స్. 24 రాత్రి ఆరాధన, 25 ఉదయం ఆరాధన. అవన్నీ ముగిసి ఊపిరి పీల్చుకునేలోగా 31 రాత్రి వాచ్ నైట్. ఇవన్నీ దేవుని మహిమ కోసం తలపెట్టినవే. వీటి వెనుక ఎందరో విశ్వాసుల ప్రయాస, కానుకలు, ప్రార్థనలు ఉన్నాయి. వాటిని తక్కువ చేసి మాట్లాడడం మా ఉద్దేశం కాదు. అయితే ఈ జాబితాను ఒక్కసారి ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంటి గుమ్మంలో నిలబడి చదవమని మాత్రం కోరుతున్నాం.

ఆ ఇంట్లో ఏం జరుగుతుంది? తల్లి పని నుండి వచ్చేసరికి సాయంత్రం ఆరవుతుంది. హడావుడిగా పిల్లలకు స్నానాలు, కొత్త బట్టలు. ఒకే బండి మీద నలుగురూ సర్దుకుని మీటింగుకు చేరేసరికి ఇంకా మైకు సెట్టు బిగిస్తూనే ఉంటారు. తిరిగి ఇల్లు చేరేటప్పటికి రాత్రి పదకొండు. చిన్నది అన్నం తినకుండానే భుజం మీద నిద్రపోతుంది. తెల్లవారితే పెద్దవాడికి బడి. రెండు రోజులకు జలుబు, మూడో రోజుకు దగ్గు, నాలుగో రోజున మళ్లీ ఇంకో ప్రోగ్రాం. పిల్లలు మారాం చేస్తారు, తల్లి విసుక్కుంటుంది, తండ్రి గట్టిగా అరుస్తాడు. మిగతా పదకొండు నెలలూ ఎలాగో ఒకలా సాగిన రాత్రి కుటుంబ ప్రార్థన ఈ నెలలోనే ఆగిపోతుంది. క్రీస్తు పుట్టాడని ఊరంతటికీ చాటే రోజుల్లోనే, ఇంటివారంతా ఒకచోట కూర్చుని ఆయన పేరెత్తి ప్రార్థించడానికి పది నిమిషాలు దొరకవు.

పిల్లలు మన మాటలకంటే ముందు మన ముఖాలను చదువుతారు. క్రిస్మస్ అంటే అమ్మ కోప్పడే నెల, నాన్న ఇంట్లో ఉండని నెల అని నాలుగేళ్ల బిడ్డ మనసులో పడిపోతే, ఆ ముద్రను తర్వాత ఏ ప్రసంగం చెరపగలదు? ఒక శిశువు పేరున నెల రోజులు పండుగ చేసుకుంటూ, మన ఇంట్లోని శిశువులను ఆ నెలంతా అలసటకు అప్పగించడం సరైనది కాదని మా అభిప్రాయం. కొంచెం కఠినంగా ఉన్నా ఈ మాట చెప్పక తప్పదు.

సువార్తలను నిదానంగా చదివితే ఒక విషయం తెలుస్తుంది. క్రీస్తు జననంలో దేవదూతల స్తోత్రగానం ఎంత ఉందో, ఇంటి పని కూడా అంతే ఉంది. పొత్తిగుడ్డలతో చుట్టడం, పడుకోబెట్టే చోటు లేక పశువుల తొట్టిని పక్కగా మార్చుకోవడం (లూకా 2:7), ఎనిమిదో దినాన సున్నతి చేయించి పేరు పెట్టడం (లూకా 2:21), ఆ తర్వాత యెరూషలేముకు తీసుకువెళ్లి అర్పణ చెల్లించడం. గొర్రెపిల్లను తేలేని బీదవారికి ధర్మశాస్త్రం రెండు పక్షుల వెసులుబాటు ఇచ్చింది (లేవీ 12:8). యోసేపు, మరియలు ఇచ్చింది ఆ బీదల అర్పణే. తూర్పు దేశపు జ్ఞానులు వచ్చేటప్పటికి వాళ్లు ఒక ఇంట్లో ఉన్నారని మత్తయి రాశాడు (2:11). రెండేళ్లలోపు పిల్లలను చంపమని హేరోదు ఆజ్ఞ ఇచ్చాడంటే, అప్పటికి కొన్ని నెలలు, బహుశా ఏడాది పైన గడిచి ఉండవచ్చు. గొర్రెల కాపరులు వెళ్లిపోయిన తర్వాత, జ్ఞానులు రాకముందు ఆ ఇంట్లో ఏం జరిగింది? పాలివ్వడం, గుడ్డలు ఉతకడం, నిద్రపుచ్చడం, అర్ధరాత్రి లేచి ఎత్తుకు తిప్పడం. సువార్తికులు రాయవలసిన అవసరం లేనంత మామూలు పనులు అవి. ప్రభువు పరిచర్య ఆరంభించేనాటికి ఆయనకు సుమారు ముప్పై ఏండ్లని లూకా చెబుతాడు (3:23). ఊరూరా తిరిగి బోధించింది మూడేళ్లయితే, ఒక ఇంట్లో కొడుకుగా ఉన్నది దానికి పది రెట్లు.

ఇక్కడ ఒక చిన్న సంగతి. తొట్టిలోని పసిబాలుడు పశువుల అరుపుకు మేలుకొని కూడా ఏడవలేదని చెప్పే ఇంగ్లీషు క్యారల్ ఒకటి మన సండే స్కూళ్లలో కూడా నేర్పుతారు. 'అవే ఇన్ ఎ మేంజర్' అనే ఆ పాట అమెరికాలో 1880ల నాటిది. మార్టిన్ లూథర్ తన పిల్లల కోసం రాశాడని చాలా కాలం అచ్చు వేశారు గాని అది ఆయనది కాదు. పాట మధురమైనదే. కాని ఆ శిశువు ఏడవలేదని ఏ సువార్తికుడూ చెప్పలేదు. వాక్యం శరీరధారి అయిందని నమ్ముతున్న మనకు, ఆ శరీరానికి ఆకలి వేసిందనీ, ఆకలి వేసినప్పుడు అది ఏడ్చిందనీ నమ్మడానికి సంకోచం ఎందుకు?

ఈ ప్రశ్న పాటతో పోయేది కాదు, మన ఆలయాల దాకా వస్తుంది. 25 ఉదయం ఏ మందిరానికైనా వెళ్లి వరండాలో చూడండి. చంటిపిల్లలను ఎత్తుకున్న తల్లులు బయటే నిలబడి ఉంటారు. లోపల బిడ్డ కుయ్యిమన్నదంటే ముందు వరుసలో ఒక తల వెనక్కి తిరుగుతుంది. రెండోసారికి పెద్దాయన ఒకరు చేత్తో బయటకు సైగ చేస్తారు. ఏడాదికంతా పెద్ద పండుగనాడు ఆ తల్లి స్పీకరులో నుండి వచ్చిన నాలుగు ముక్కలు విని ఇంటికి వెళ్తుంది. చిన్నపిల్లలను తన దగ్గరకు తెచ్చినవారిని శిష్యులు గద్దించినప్పుడు ప్రభువు కోపపడ్డాడని మార్కు రాశాడు (10:14). ఆయన కోపం పిల్లల అల్లరి మీద కాదు, వారికి అడ్డుపడిన పెద్దల మీద. ఆరాధనలో నిశ్శబ్దం అవసరమే. ఆ నిశ్శబ్దం కోసం మనం ఎవరిని బయటకు పంపుతున్నామన్నది కూడా ఆలోచించాలి. ముందు భాగంలో ఒక చాప పరిచి తల్లులనూ పిల్లలనూ కూర్చోబెట్టండి. బల్లల మధ్య ఏమీ కనిపించక గోల చేసే మూడేళ్లవాడు, పాటలు పాడేవారినీ తబలా వాయించేవారినీ దగ్గరగా చూస్తే చాలాసేపు నోరు మెదపడు.

సండే స్కూల్ క్రిస్మస్ గురించి కొంచెం ఎక్కువగానే చెప్పాలి. మన సంఘాల్లో పిల్లలకు వాక్యం నేర్పేవారిలో ఎక్కువమంది జీతం లేని టీచర్లు. నవంబరు మొదలు వారు పడే శ్రమ మనకు తెలుసు. అట్టముక్కలు కత్తిరించి దేవదూతలకు రెక్కలు, మెరుపు కాగితంతో జ్ఞానులకు కిరీటాలు, తువ్వాళ్లతో గొర్రెల కాపరులకు తలపాగాలు. నత్తి ఉన్న పిల్లవాడికి కూడా ఒక వాక్యం కంఠత చేయించి వేదిక ఎక్కిస్తారు. ఇంత చేశాక అసలు రోజున ఏమవుతోంది? ఆరు గంటలకన్న కార్యక్రమం ఏడున్నరకు ఆరంభం. అధ్యక్షుల తొలిపలుకులు, ముఖ్య అతిథి గారికి శాలువా, విశిష్ట అతిథి గారికి శాలువా, వచ్చిన ప్రతి పెద్దమనిషికీ రెండు మాటలు, ఆ రెండు మాటలకు ఇరవై నిమిషాలు. పిల్లల నాటిక అన్నిటికంటే చివర. కారణం అడిగితే కొందరు నిర్వాహకులు దాచకుండానే చెబుతారు: పిల్లల ఐటమ్స్ ముందు పెడితే, అవి కాగానే తల్లిదండ్రులు లేచి వెళ్లిపోతారు, ప్రసంగం వినడానికి జనం ఉండరు.

అంటే పెద్దలను కూర్చోబెట్టడానికి పిల్లలను తాకట్టు పెడుతున్నామన్నమాట. ఏడు గంటలకు ఉత్సాహంతో గెంతిన దేవదూత పదిన్నరకు రెక్కలతో సహా నిద్రపోతుంది. లేపి వేదిక ఎక్కిస్తే మైకు ముందు బిక్కమొహం వేసి ఏడుస్తుంది. కింద నుండి పది సెల్‌ఫోన్లు ఆ ఏడుపును వీడియో తీస్తాయి, అందరూ నవ్వుతారు. పిల్లల కార్యక్రమం ఆరున్నరకు మొదలై ఎనిమిదికి ముగియాలి, వాళ్లు భోజనం చేసి ఎనిమిదిన్నరకల్లా ఇళ్లకు బయలుదేరాలి. శాలువాలు ఆ తర్వాత కప్పుకోవచ్చు. ప్రసంగీకులు కూడా ఆ ఒక్క రోజున, ఆరేళ్ల పిల్లవాడికి అర్థమయ్యేలా పదిహేను నిమిషాలు మాట్లాడితే పెద్దలకు కూడా బాగానే అర్థమవుతుంది.

క్యారల్ రౌండ్స్ కూడా అంతే. ఆ పాటలు వినని డిసెంబరు మనలో ఎవరికీ ఊహకందదు. చలిలో మఫ్లర్లు చుట్టుకుని, డోలక్, గిటారు పట్టుకుని యౌవనులు ఇంటి ముందు నిలబడి పాడుతుంటే మన పెద్దవాళ్ల కళ్లు చెమ్మగిల్లుతాయి. మంచం మీద నుండి లేవలేని ముసలివారికి సంఘం మొత్తం ఇంటికి వచ్చినట్టు ఉంటుంది. ఈ ఆచారం పోవాలని మేము అనడం లేదు. రాత్రి రెండు గంటలకే రావాలా అని మాత్రమే అడుగుతున్నాం. గాఢనిద్రలో ఉన్న పిల్లల మీద ఒక్కసారిగా లైట్లు, డప్పులు. ముసుగు వేసుకున్న క్రిస్మస్ తాత చాక్లెట్ ఇవ్వబోతే, రెండేళ్ల పాప భయంతో కెవ్వుమంటుంది. పక్కింట్లో కూడా పసిపిల్లలు ఉంటారు, ఆ ఇంటివారు మన విశ్వాసం కానివారైతే మన సువార్త వారికి ఆ ఏడుపుతోనే గుర్తుండిపోతుంది. రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు బహిరంగంగా లౌడ్ స్పీకర్లు వాడకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు ఎలాగూ చెబుతున్నాయి. పిల్లలున్న ఇళ్లకు సాయంత్రం ఆరు నుండి తొమ్మిది లోపు వెళ్లి, మిగతా ఇళ్లను ఆ తర్వాత పెట్టుకుంటే సరిపోతుంది. తొమ్మిది లోపు వెళ్తే మరో మేలుంది. పిల్లలు నిద్రమత్తులో చూస్తూ నిలబడకుండా, మెలకువగా ఉండి గొంతు కలిపి పాడతారు.

క్రిస్మస్ తాత గురించి ఒక్క మాట. నాలుగో శతాబ్దంలో, నేటి టర్కీలో ఉన్న మురలో నికోలస్ అనే బిషప్ ఉండేవాడు. బీదవారి పట్ల ఆయనకున్న దయను గురించిన కథలే తరాలు మారి ఎర్ర అంగీ తాత అయ్యాయి. పిల్లలకు ఈ సంగతి చెప్పండి, వాళ్లకు నచ్చుతుంది. ఆ అంగీలో ఉన్నది మన సంఘంలోని అన్నయ్యేనని కూడా చెప్పేయండి. ప్రభువును గురించి మనం చెప్పే మాటలను నిజమని నమ్మవలసిన పిల్లలు వీళ్లు. అదే నోటితో మరో కట్టుకథను నిజమని చెప్పకుండా ఉంటే మంచిది.

కొత్త బట్టల విషయం చాలా ఇళ్లలో కన్నీళ్ల విషయం. పండుగకు కొత్త బట్టలు కట్టుకోవాలనుకోవడంలో తప్పు లేదు. ఏడాదంతా కష్టపడిన కుటుంబానికి అది న్యాయమైన సంతోషమే. అయితే 24 రాత్రికి ఒక జత, 25 ఉదయానికి ఒక జత, సండే స్కూల్ ప్రోగ్రాంకు ఒక జత, జనవరి 1కి ఇంకో జత అంటే కూలి పని చేసుకునే తండ్రి ఎక్కడ నుండి తెస్తాడు? వడ్డీకి తెస్తాడు. సంక్రాంతి దాటినా, ఉగాది దాటినా ఆ వడ్డీ కడుతూనే ఉంటాడు. ఇంతా చేసి కొన్న ఎర్ర నెట్ గౌను మెడ దగ్గర గుచ్చుకుని, ఏడాదిన్నర పాప ఆరాధన అంతా గోక్కుంటూ ఏడుస్తుంది. ఆ వయసు బిడ్డకు కావలసింది ఉతికిన మెత్తటి నూలు బట్ట. గౌను కావలసింది మనకు, మనల్ని చూసేవారికి. రెండు పక్షులను తీసుకుని దేవాలయపు మెట్లెక్కిన యోసేపు సిగ్గుపడినట్టు లూకా ఎక్కడా రాయలేదు. పాస్టర్ గారి ఇంటివారు, సంఘ పెద్దల ఇంటివారు ఒక క్రిస్మస్ కు నిరుటి బట్టలే ఉతికి ఇస్త్రీ చేసి వేసుకుని వస్తే, ఎన్ని కుటుంబాలు అప్పు లేకుండా పండుగ చేసుకోగలవో ఆలోచించండి.

పోగొట్టుకోకూడని మంచి సంగతులు కూడా ఉన్నాయి. వాటిలో వంటిల్లు ఒకటి. అరిసెల పిండి కొట్టించే రోజు, గులాబీ పువ్వులు వేసే రోజు, కజ్జికాయలు ఒత్తే రోజు పిల్లలను వంటింట్లో నుండి తరమకండి. పొయ్యికి దూరంగా కూర్చోబెట్టి ఒక పిండి ముద్ద చేతికివ్వండి. వంకర టింకరగా వాళ్లు చేసిన కజ్జికాయ కూడా నూనెలో వేగుతుంది. ఆ పని జరుగుతుండగా అమ్మమ్మో నాయనమ్మో చెప్పిన బేత్లెహేము కథ ముసలితనం దాకా గుర్తుంటుంది. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు దేవుని మాటలను పిల్లలతో మాట్లాడమని ద్వితీయోపదేశకాండం ఆజ్ఞాపించింది (6:7). పిండి వంటల మధ్య కూడా ఆ ఆజ్ఞ చెల్లుతుంది. అయితే ఈ పనంతా ఒక్క తల్లి నెత్తిన వేసి తండ్రి కమిటీ మీటింగుకు వెళ్లిపోతే, ఆమెకు కథ చెప్పే ఓపిక ఉండదు. ఆ సాయంత్రం కొబ్బరి తురమాల్సింది ఆయనే.

వండినవి పళ్లేల్లో పెట్టి, పైన గుడ్డ కప్పి ఇరుగుపొరుగు ఇళ్లకు పంపేటప్పుడు పిల్లల చేతే పంపండి. సంక్రాంతికి వాళ్ల ఇంటి నుండి, రంజాన్ కు ఆ పక్క ఇంటి నుండి మన ఇంటికి పళ్లెం వచ్చింది కదా. 'మా ఇంట్లో క్రిస్మస్ అండీ' అని గుమ్మంలో నిలబడి చెప్పే ఆరేళ్ల పాప సాక్ష్యం మన కరపత్రాలకు ఏమీ తీసిపోదు. ఇంట్లో పని చేసే ఆమె పిల్లలకు కూడా అదే పళ్లెం, అదే పరిమాణంలో వెళ్లాలి. పిల్లలు ఈ తేడాలను చాలా జాగ్రత్తగా గమనిస్తారు.

కుటుంబ ప్రార్థన సంగతికి వద్దాం. లూథర్ 1529లో చిన్న కేటికిజం రాసినప్పుడు, ఇంటి యజమాని తన ఇంటివారికి దానిని సరళంగా నేర్పాలని దాని శీర్షికల్లోనే సూచించాడు. సంఘ సందర్శనలలో సామాన్య ప్రజలకు ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు కూడా తెలియకపోవడం చూసి ఆయన కలత చెందాడు. దానికి మందుగా ఆయన ఆశ్రయించినవాటిలో ఇల్లు ఒకటి. ఆరుగురు పిల్లల తండ్రి కాబట్టి ఇంటి గోల ఏమిటో ఆయనకు తెలియనిది కాదు. తిమోతి విశ్వాసం మొదట అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉండేదని పౌలు గుర్తు చేస్తాడు (2 తిమోతి 1:5). సభా వేదికల పేరు ఆయన ఎత్తలేదు.

డిసెంబరులో ఇది ఎలా సాధ్యం? లెక్క వేసి చూద్దాం. లూకా మొదటి అధ్యాయంలో 80 వచనాలు, రెండో అధ్యాయంలో కాపరులు తిరిగి వెళ్లేవరకు 20, మత్తయిలో యోసేపు కల దగ్గర నుండి నజరేతుకు చేరేవరకు 31. మొత్తం 131. డిసెంబరు 1 నుండి 25 వరకు పంచుకుంటే రోజుకు ఐదారు వచనాలు. చదవడానికి రెండు నిమిషాలు, పిల్లల ప్రశ్నలకు ఐదు నిమిషాలు, ఒక పాట, ప్రతి ఒక్కరి నుండి ఒక్కో వాక్యం ప్రార్థన. మీటింగు ఉన్న రోజున బయలుదేరే ముందే కానివ్వండి. రెండేళ్లవాడు మధ్యలో లేచి పరుగెత్తితే పరుగెత్తనివ్వండి, వాడి చెవులు అక్కడే ఉంటాయి. ఆ పది నిమిషాలకూ మీటింగుకూ పోటీ వస్తే మాత్రం, మీటింగునే మానుకోమని మా సలహా.

పిల్లలు అడిగే ప్రశ్నలకు పెద్దలు కూడా బైబిలు తెరవక తప్పదు. మరియ గాడిద మీద వెళ్లిందా? సువార్తల్లో గాడిద ప్రస్తావన లేదు. సత్రం యజమాని ఏమన్నాడు? సత్రంలో స్థలం లేదని ఉంది గాని యజమాని మాట్లాడిన మాట లేదు. జ్ఞానులు ముగ్గురేనా? కానుకలు మూడు, మనుషుల సంఖ్య చెప్పలేదు. ఇంట్లో పశువుల పాక పేర్చుకునేవారు జ్ఞానుల బొమ్మలను మొదటి రోజే తొట్టి దగ్గర పెట్టకుండా, వేరే గదిలో కిటికీ మీద ఉంచి రోజుకు కొంచెం ముందుకు జరపమని పిల్లలకు చెప్పి చూడండి. కొన్ని పాశ్చాత్య దేశాల ఇళ్లలో ఈ వాడుక ఉంది. సంఘ పంచాంగం ప్రకారం వాళ్లు చేరేది జనవరి 6న. పండుగ అయిపోయాక కూడా కథ నడుస్తుంది.

హేరోదు గురించి చెప్పాలా వద్దా అని చాలామంది తల్లిదండ్రులు సందేహిస్తారు. చిన్నవారికి పిల్లల సంహారం వివరించనక్కరలేదు. కాని ఒక చెడ్డ రాజుకు భయపడి యేసు అమ్మానాన్నలు రాత్రికి రాత్రి ఆయనను ఎత్తుకుని వేరే దేశానికి వెళ్లిపోయారని చెప్పవచ్చు. మన మధ్య ఈ మాట వినవలసిన పిల్లలు ఉన్నారు. పాలమూరు నుండి పనుల కోసం నగరాలకు వెళ్లి, కడుతున్న భవనాల పక్కన గుడిసెల్లో ఉండే కుటుంబాల పిల్లలు. కడప, గోదావరి జిల్లాల నుండి కువైట్ లో ఇంటి పనికి వెళ్లిన తల్లుల పిల్లలు. కువైట్ లో డిసెంబరు 25 సెలవు దినం కాదు. అక్కడి మన సంఘాలు ఎక్కువగా వారాంతపు సెలవైన శుక్రవారం కూడుకుంటాయి. పండుగ రోజున ఆ తల్లి ఏదో ఇంట్లో పనిలో ఉంటుంది. పని ముగించుకుని ఆమె వీడియో కాల్ చేసేసరికి ఇక్కడ అమ్మమ్మ పక్కలో బిడ్డ నిద్రపోయి ఉంటుంది. అక్కడికంటే మన గడియారం రెండున్నర గంటలు ముందు. ఇలాంటి పిల్లలను 25 మధ్యాహ్నం ఎవరు భోజనానికి పిలుస్తున్నారు? మన సంఘ క్రిస్మస్ బడ్జెట్ లో లైటింగుకు ఒక పద్దు, మైకుకు ఒక పద్దు, భోజనానికి ఒక పద్దు ఉంటాయి. ఈ పిల్లల పేర్లు మాత్రం ఎవరి దగ్గరా రాసి ఉండవు. సండే స్కూల్ టీచర్ ను అడిగితే ఐదు నిమిషాల్లో చెబుతారు.

'మేమంతా అలాగే పెరిగాం, రాత్రంతా క్యారల్స్ కు తిరిగాం, మాకేమయింది?' అనే పెద్దలు ఉన్నారు. వారి అనుభవం నిజమే. అయితే ఆ రోజుల్లో ఊరికి ఒకటో రెండో కార్యక్రమాలు. ఇరవై రోజుల్లో పన్నెండు కాదు. ఇంట్లో అమ్మమ్మ, మేనత్త, పిన్ని ఎవరో ఒకరు చిన్నవాళ్లను చూసుకునేవారు. ఇప్పటి రెండు గదుల అద్దె ఇంట్లో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, అంతే. నాటి కొలతను నేటి ఇంటికి తొడగడం కుదరదు.

పండుగ సందట్లో పిల్లలు తప్పిపోవడం కూడా కొత్త కాదు. పస్కాకు వెళ్లి తిరిగి వస్తూ, పన్నెండేళ్ల కుమారుడు బంధువుల గుంపులో ఉన్నాడనుకుని ఒక దినమంతా నడిచింది ఆ కుటుంబం (లూకా 2:44). మెదక్ వెళ్లేవారికి ఇది తెలిసిన భయమే. చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆధ్వర్యంలో 1914లో పని మొదలై, కరువులో ప్రజలకు కూలీ, అన్నం దొరికేలా కట్టిన ఆ ఆలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకుంది. 2024కు నూరేళ్లు నిండాయి. క్రిస్మస్ నాటి తొలి ఆరాధనకు తెల్లవారకముందే జనం కిక్కిరిసి ఉంటారు. చంటివాళ్లతో వెళ్లేవారు వాళ్ల జేబులో పేరు, ఫోను నంబరు రాసిన చీటీ పెట్టండి. వీలైతే ఆ రద్దీ తగ్గాక మరో రోజు పగటి పూట తీసుకువెళ్లండి. రంగుటద్దాల కిటికీల మీద ప్రభువు జననం, శిలువ, ఆరోహణం చిత్రించి ఉన్నాయి. ఎండ వెలుగు పడితేనే అవి లోపల నుండి కనిపిస్తాయి, చీకట్లో వెళ్తే నల్లటి అద్దాలే. చదువు రాని ఐదేళ్లవాడు ఆ కిటికీ కింద నిలబడి తొట్టి ఎక్కడుందో వేలుపెట్టి చూపిస్తాడు.

చివరిగా పాస్టర్ గారి ఇల్లు. డిసెంబరులో సంఘమంతటిలో తండ్రి దొరకని పిల్లలు ఎవరంటే సేవకుల పిల్లలే. రోజుకు రెండు మూడు చోట్ల ప్రసంగాలు. 25న మూడు ఆరాధనలు ముగించి, కానుకలతో వచ్చిన వారందరికీ ప్రార్థన చేసి పంపేసరికి ఆయన గొంతు పోయి ఉంటుంది. పాస్టరమ్మ గారు పొద్దున్నుండి వచ్చినవారికి టీలు అందిస్తూనే ఉంటారు. వాళ్ల పిల్లలు కేక్ కోసే సమయం కోసం సాయంత్రం దాకా తలుపు దగ్గర నిలబడి చూస్తుంటారు. 25 మధ్యాహ్నం రెండు తర్వాత ఆ ఇంటికి ఎవరూ వెళ్లకూడదని సంఘం ఒక తీర్మానం చేసుకుంటే బాగుంటుంది. అత్యవసరమైతే పెద్దలు చూసుకోవచ్చు. 26న ఆయనకు ఏ ప్రసంగమూ ఒప్పుకోకండి.

ఈ ఏడాది క్రిస్మస్ కార్యక్రమాలను ఖరారు చేయడానికి కమిటీ కూర్చునే రోజున, ఇద్దరు ముగ్గురు చంటిపిల్లల తల్లులను కూడా పిలిచి కూర్చోబెట్టుకోండి. ఏ కార్యక్రమం ఎన్ని గంటలకు మొదలవ్వాలో, ఎన్ని గంటలకు ముగియాలో, దేన్ని వచ్చే ఏటికి వాయిదా వేయవచ్చో వాళ్లు చెబుతారు. పిల్లలను కూడా వెంట తెచ్చుకోమనండి, మీటింగు త్వరగా ముగుస్తుంది.